మంచినీటి చేపలపై రసాయన విషప్రభావం: 96 గంటల పరీక్షను సరిగ్గా చేసే పద్ధతి

ఈ పరీక్ష గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది మొదట వేసే ప్రశ్న ఒకటే: ఎన్ని తొట్లు పెట్టాలి, ఒక్కో తొట్టిలో ఎన్ని చేపలు వేయాలి? దానికి జవాబు చిన్నదే. కనీసం 5 గాఢతలు, ఒక కంట్రోల్ (రసాయనం కలపని తొట్టి), ఒక్కో తొట్టికి కనీసం 7 చేపలు. చనిపోయినవాటిని లెక్కపెట్టడం కూడా కష్టమేమీ కాదు. నేను చూసిన పరీక్షల్లో చెడిపోయినవి చాలావరకు చేపను తొట్టిలో వేయకముందే చెడిపోయాయి. నీరు సరిపడక కొన్ని, రసాయనం నీటిలో నిలవక కొన్ని. అందుకే ఇక్కడ తయారీ గురించే ఎక్కువ రాస్తున్నాను.

కింద చెప్పే పద్ధతికి ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) 203వ టెస్ట్ గైడ్‌లైన్ ఆధారం. 2019లో గానీ ఆ తర్వాత గానీ సవరించిన ప్రతినే వాడండి. పాత 1992 ప్రతి ఇంకా చాలా ల్యాబుల్లో తిరుగుతోంది. పరిశీలనల విషయంలో 1992 ప్రతికీ 2019 ప్రతికీ బాగా తేడా ఉంది.

మనకు కావలసిన ఫలితం 96 గంటల ఎల్‌సీ50. అంటే 96 గంటల్లో సగం చేపలను చంపే గాఢత, లీటరుకు మిల్లీగ్రాముల్లో.

1. అసలు చేపలు అవసరమా?

ఈ మెట్టు దాటేయకండి. ప్రతి పూర్తి పరీక్షకు 42 చేపలైనా కావాలి. వాటిలో చాలా చేపలు బాధపడి చనిపోతాయి. తప్పించగలిగితే తప్పించడం మన బాధ్యత.

ముందుగా ఆ రసాయనానికి, దాని దగ్గరి రసాయనాలకు ఇప్పటికే ఉన్న ఫలితాలు వెతకండి. తర్వాత నాచు, డాఫ్నియా (చిన్న నీటి జీవి) పరీక్షల ఈసీ50 విలువలు (సగం మేర ప్రభావం కనిపించే గాఢతలు) తీసుకోండి. ఆ రెండింటిలో తక్కువగా ఉన్న గాఢత దగ్గర (అది 100 మి.గ్రా. దాటితే 100 దగ్గరే) 7 చేపలతో ఒక్క తొట్టి, పక్కన ఒక కంట్రోల్ పెట్టండి. ఒక్క చేప కూడా చనిపోకపోతే, మిగతా రెండు జీవుల కంటే చేప సున్నితమైనది కాదని తేలినట్టే. చాలా సందర్భాల్లో అక్కడితో ఆగిపోవచ్చు.

7 చేపలు ఎందుకంటే, ఎల్‌సీ50 నిజంగా ఆ గాఢత దగ్గరే ఉంటే ఒక్కో చేప బతికే అవకాశం సగం. ఏడూ బతికే అవకాశం 1% కంటే తక్కువ. 10 చేపలైతే 0.1%.

పిండాలతో చేసే 236వ గైడ్‌లైన్, మొప్పల కణాలతో చేసే 249వ గైడ్‌లైన్ కూడా ఉన్నాయి. ఫలితం ఎవరికి ఇవ్వాలో వాళ్లు వాటిని ఒప్పుకుంటారేమో ముందే అడగండి. ఏ దారిలో వెళ్లినా జంతు నైతిక కమిటీ అనుమతి చేతికి వచ్చాకే చేపలకు ఆర్డర్ పెట్టండి.

2. రసాయనం గురించి తెలుసుకోండి

తెలుసుకోవలసినవి:

- స్వచ్ఛత ఎంత శాతం, బ్యాచ్ నంబర్, గడువు తేదీ
- మీ పరీక్ష ఉష్ణోగ్రత దగ్గర నీటిలో ఎంత కరుగుతుంది
- గాలిలోకి ఎగిరిపోయే రకమా
- నీటితో చర్య జరిపి విరిగిపోతుందా, వెలుతురుకు పాడవుతుందా
- గాజుకు, ప్లాస్టిక్‌కు అంటుకుంటుందా
- నీటి పీహెచ్‌ను మారుస్తుందా
- మీరు వాడబోయే అతి తక్కువ గాఢతను కూడా కొలవగల విశ్లేషణ పద్ధతి మీ దగ్గర ఉందా

చివరి ప్రశ్నకు "లేదు" అనేది జవాబైతే అక్కడే ఆగండి. నీటిలో నిజంగా ఎంత రసాయనం ఉందో కొలవకుండా ఇచ్చే ఎల్‌సీ50ను నమ్మడానికి లేదు.

తర్వాత చేపలు లేకుండా ఒక ట్రయల్ చేయండి. అదే తొట్టి, అదే నీరు, అదే వెలుతురు. తక్కువ గాఢత ఒకటి, ఎక్కువ గాఢత ఒకటి. 0, 24, 48, 96 గంటల దగ్గర నమూనా తీసి కొలవండి. నాలుగు రోజులు పోయినా పర్వాలేదు, ఈ ట్రయల్‌ను మాత్రం వదలకండి. పరీక్ష ఏ రకంగా నడపాలో ఇదే చెబుతుంది.

- 96 గంటలూ 80% పైన నిలిస్తే: నీరు మార్చకుండా చేయవచ్చు.
- 24 లేదా 48 గంటల వరకు నిలిస్తే: ఆ వ్యవధికి ఒకసారి నీరు మార్చే పద్ధతి.
- అంతకంటే త్వరగా తగ్గిపోతే: నీరు నిరంతరం ప్రవహించే పద్ధతి.
- ఎగిరిపోయే రసాయనమైతే: పైదాకా నింపి మూత బిగించిన పాత్రలు, ఏరేషన్ (గాలి కొట్టించడం) లేకుండా. ఆక్సిజన్ సరిపోవాలి కాబట్టి పాత్ర పెద్దది కావాలి.

ట్రయల్‌లో చేపలు లేవన్నది గుర్తుంచుకోండి. చేపలు వేశాక వాటి శరీరాలు కొంత పీల్చుకుంటాయి, మలంలోని సేంద్రియ పదార్థానికి కొంత అంటుకుంటుంది. ట్రయల్‌లో 82% నిలిచిన రసాయనం అసలు పరీక్షలో 70%కి పడిపోవచ్చు. అంచున ఉంటే నీరు మార్చే పద్ధతికే వెళ్లండి.

3. నీటిని సిద్ధం చేయండి

బోరు నీరైనా, క్లోరిన్ తీసేసిన కుళాయి నీరైనా, ల్యాబులో కలిపిన నీరైనా పనికొస్తుంది. కావలసిన లక్షణాలు ఇవి:

- పీహెచ్ 6.0 నుంచి 8.5 మధ్య
- కాఠిన్యం కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 10–250 మి.గ్రా.
- కరిగిన ఆక్సిజన్ దాదాపు సంతృప్త స్థాయిలో (నీరు పట్టగలిగినంత)
- క్లోరిన్, లోహాలు, పురుగుమందుల అవశేషాలు లేకుండా

కుళాయి నీటిని రెండు రోజులు గాలి కొట్టించి ఊరుకుంటారు చాలామంది. మామూలు క్లోరిన్ అలా పోతుంది. క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన రూపం) మాత్రం పోదు. మీ నీటిలో ఏది కలుపుతున్నారో తెలుసుకోండి. యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ వాడి, చివర మిగిలిన క్లోరిన్‌ను కొలవండి.

లోహాలను పరీక్షిస్తుంటే కాఠిన్యం మీద మరింత శ్రద్ధ పెట్టాలి. రాగి, జింకు, కాడ్మియం లాంటివి మెత్తటి నీటిలో చేపలకు చాలా ఎక్కువ విషం. కాఠిన్యం రాయకుండా లోహానికి ఎల్‌సీ50 ఇస్తే దాన్ని దేనితోనూ పోల్చలేం.

నేనైతే కలిపిన నీటినే ఇష్టపడతాను, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది కనుక. డీఅయనైజ్డ్ నీటిలో లీటరుకు ఇవి కలపండి:

- కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్: 294 మి.గ్రా.
- మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్: 123.25 మి.గ్రా.
- సోడియం బైకార్బొనేట్: 64.75 మి.గ్రా.
- పొటాషియం క్లోరైడ్: 5.75 మి.గ్రా.

దీని కాఠిన్యం దాదాపు 250 మి.గ్రా. వస్తుంది. నాలుగు లవణాలకూ విడివిడిగా స్టాక్ (చిక్కటి ద్రావణం) చేసుకుని ఒక్కొక్కటిగా కలపండి. అన్నింటినీ చిక్కగా ఒకే సీసాలో కలిపితే తెల్లగా అడుగుకు దిగిపోతుంది. కలిపాక ఆక్సిజన్ నిండే వరకు, పీహెచ్ స్థిరపడే వరకు గాలి కొట్టించండి.

4. చేపలను అలవాటు చేయండి

జీబ్రా ఫిష్ వాడేవాళ్లు ఎక్కువ. చిన్న తొట్టి చాలు, 21–25 డిగ్రీల సెల్సియస్‌లో హాయిగా ఉంటుంది. ఏ జాతి ఎంచుకున్నా అన్నీ ఒకే మూలం నుంచి, ఒకే వయసులో, దాదాపు ఒకే పొడవులో ఉండాలి.

తెచ్చిన తర్వాత మొదటి 48 గంటలు వాటిని కుదురుకోనివ్వండి. ఆ తర్వాత కనీసం 7 రోజులు పరీక్షలో వాడబోయే నీటిలోనే, అదే ఉష్ణోగ్రతలో, అదే వెలుతురులో (రోజుకు 12–16 గంటలు) ఉంచండి. ఆ 7 రోజుల మరణాలను బట్టి నిర్ణయం తీసుకోండి:

- 5% కంటే తక్కువ: ఆ మందను వాడవచ్చు.
- 5–10%: మరో 7 రోజులు ఆగండి.
- 10% దాటితే: మొత్తం మందను వదిలేయండి.

ఈ రోజుల్లో జబ్బుకు మందు వేయాల్సి వస్తే ఆ చేపలు ఈ పరీక్షకు పనికిరావు. పరీక్షకు 24 గంటల ముందు మేత ఆపండి. పరీక్ష జరిగే 96 గంటలూ మేత వేయకూడదు.

42 చేపలు కావాలంటే సరిగ్గా 42 తెచ్చుకోకండి. గాయపడినవి, వంకరగా ఈదేవి పక్కన పెట్టాలి కదా.

5. గాఢతలను ఎంచుకోండి

ఏమీ తెలియని రసాయనమైతే ముందు చిన్న పరీక్ష: 0.1, 1, 10, 100 మి.గ్రా. చొప్పున, ఒక్కో దానిలో 2 లేదా 3 చేపలు. ఏ రెండు గాఢతల మధ్య చావులు మొదలవుతున్నాయో అక్కడ అసలు పరీక్ష.

అసలు పరీక్షలో ఒక గాఢతకూ తర్వాతి దానికీ మధ్య గుణకం 2.2 దాటకూడదు. ఉదాహరణకు 1 మి.గ్రా. దగ్గర అందరూ బతికి, 100 దగ్గర అందరూ పోయి, 10 దగ్గర కొన్ని పోతే: 3.2, 5.6, 10, 18, 32. ఇక్కడ గుణకం దాదాపు 1.8.

కింది గాఢతలో ఎవరూ చావకూడదు, పై గాఢతలో అందరూ చావాలి, మధ్యలో కొందరు చావాలి. ఇలా కుదిరితేనే లెక్క గట్టిగా నిలుస్తుంది.

6. స్టాక్ సొల్యూషన్ లెక్క

పై ఉదాహరణనే 5 లీటర్ల తొట్లతో చేద్దాం. స్టాక్ లీటరుకు 1 గ్రాము. అంటే 1 మి.లీ.లో 1 మి.గ్రా.

- 3.2 మి.గ్రా. తొట్టికి: 16 మి.లీ.
- 5.6కు: 28 మి.లీ.
- 10కి: 50 మి.లీ.
- 18కి: 90 మి.లీ.
- 32కు: 160 మి.లీ.

మొత్తం 344 మి.లీ. రోజూ నీరు మారిస్తే 0, 24, 48, 72 గంటల దగ్గర నాలుగుసార్లు నింపాలి, అంటే 1,376 మి.లీ. నమూనాలకు, ఒలికిపోయేదానికి కలిపి 1.6 లీటర్లకు సరిపడా రసాయనం దగ్గర పెట్టుకోండి. స్టాక్ నిలవదంటే ఏ రోజుది ఆ రోజే కలపాలి.

స్వచ్ఛత 95% అయితే లీటరుకు 1 గ్రాము కాకుండా 1.053 గ్రాములు తూచాలి. ఈ సవరణ చేశారో లేదో నోటుబుక్కులో రాయండి. ఒకరు తూకంలో సవరించి, ఇంకొకరు ఫలితంలో మళ్లీ సవరించిన సందర్భం చూశాను.

కరగని రసాయనానికి వెంటనే అసిటోన్ అందుకోకండి. ముందు ఎక్కువసేపు కలియబెట్టి చూడండి. తప్పనిసరై ద్రావకం వాడితే లీటరు నీటికి 0.1 మి.లీ. మించకూడదు, అన్ని తొట్లలోనూ సమానంగా ఉండాలి, ద్రావకం మాత్రమే ఉన్న మరో కంట్రోల్ తొట్టి పెట్టాలి. అప్పుడు 42 కాదు, 49 చేపలు. ద్రావకం పోసినా నీటిలో కరిగే హద్దు పెరగదు. ఆ హద్దు దాటిన గాఢతల్లో అడుగున చేరిన ముద్దలు, పైన తేలే పొర చేప మొప్పలకు అంటుకుని ఊపిరి ఆపేస్తాయి. అది విషం వల్ల వచ్చిన చావు కాదు.

ఒక్కో తొట్టిలో చేపల బరువు లీటరుకు 0.8 గ్రాములు దాటకుండా చూడండి. చేప 0.3 గ్రాములైతే ఏడింటికి 2.1 గ్రాములు, అంటే కనీసం 2.7 లీటర్లు కావాలి. 5 లీటర్లు ధారాళంగా సరిపోతాయి.

7. మొదటి రోజు ఏది ముందు, ఏది తర్వాత

1. తొట్లకు నంబర్లు వేసి, ఏ గాఢత ఎక్కడ ఉండాలో చీటీలు తీసి నిర్ణయించండి. వరసగా పెడితే కిటికీ పక్క తొట్టి ఎప్పుడూ ఒకే గాఢత అవుతుంది.
2. ముందు కంట్రోల్, తర్వాత తక్కువ గాఢత నుంచి ఎక్కువకు నింపండి.
3. స్టాక్ పోసి, నీటితో 5 లీటర్లకు తెచ్చి, బాగా కలపండి.
4. ఉష్ణోగ్రత, పీహెచ్, ఆక్సిజన్ కొలవండి. ఉష్ణోగ్రత తొట్టికీ తొట్టికీ 2 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు.
5. తొట్టి మధ్య లోతు నుంచి విశ్లేషణకు నమూనా తీయండి.
6. ఇప్పుడు చేపలు. ఒక్కో తొట్టికి ఒకటి రెండు చొప్పున, చీటీల క్రమంలో తిరుగుతూ వేయండి.
7. ఆఖరి చేప వేసిన సమయం రాయండి. మూతలు పెట్టండి, చేపలు ఎగురుతాయి.

ఆరో అంకె దగ్గర చాలామంది తొందరపడతారు. మొదటి తొట్టికి ఏడు పట్టేసి, తర్వాత రెండో దానికి వెళతారు. వలకు ముందు చిక్కేవి నెమ్మదైన చేపలు. అవన్నీ ఒకే తొట్టిలో చేరితే ఫలితం వంకరపోతుంది.

8. 96 గంటలూ ఏం చూడాలి

మొదటి 24 గంటల్లో కనీసం రెండుసార్లు, ఆ తర్వాత రోజూ రెండుసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చావులను 24, 48, 72, 96 గంటల దగ్గర లెక్కకు తీసుకుంటాం. నా వరకు మొదటి ఆరు గంటల్లో తొట్ల దగ్గర నుంచి కదలను. వేగంగా పనిచేసే రసాయనాలు అప్పుడే బయటపడతాయి.

మొప్పల మూత కదలక, తోక మొదలు దగ్గర గాజు కడ్డీతో సున్నితంగా తాకినా స్పందన లేకపోతే చేప చనిపోయినట్టు. చూసిన వెంటనే తీసేయండి, లేకపోతే అది కుళ్లి ఆక్సిజన్ లాగేస్తుంది. ఒక్కో తొట్టికి వేరే వల వాడండి.

చావొక్కటే రాస్తే సరిపోదు. ప్రతిసారీ ఇవి కూడా రాయండి:

- నిలకడ తప్పి పక్కకు ఒరగడం, తలకిందులు కావడం
- పైకి వచ్చి నోరు తెరవడం, అడుగున పడి ఉండడం
- ఈత తీరు మారడం, గిరగిర తిరగడం, కదలకుండా ఉండిపోవడం
- మొప్పలు మరీ వేగంగా లేదా మరీ నెమ్మదిగా ఆడడం
- రంగు నల్లబడడం, వెలిసిపోవడం

ఎన్ని చేపల్లో, ఎంత తీవ్రంగా కనిపించాయో అంకెల్లో రాయండి. ఇక కోలుకోదని స్పష్టంగా తెలిసిన చేపను బాధతో వదిలేయకుండా నొప్పి లేకుండా ముగించే ఏర్పాటు ముందే ఉండాలి. ఏ లక్షణం కనిపిస్తే ఆ నిర్ణయం తీసుకోవాలో పరీక్ష మొదలుకాకముందే రాసి పెట్టుకోండి. రాత్రి పదింటికి తొట్టి ముందు నిలబడి తేల్చుకునే విషయం కాదది.

ఉష్ణోగ్రత, పీహెచ్, ఆక్సిజన్ రోజూ ప్రతి తొట్టిలో కొలవాలి. ఆక్సిజన్ సంతృప్త స్థాయిలో 60% కంటే తగ్గకూడదు. 23 డిగ్రీల దగ్గర పూర్తి స్థాయి లీటరుకు సుమారు 8.6 మి.గ్రా., అంటే 5.2 కంటే కిందకు పోకూడదు.

నీరు మార్చే పద్ధతిలో పాత నీటి నుంచి ఒక నమూనా, కొత్త నీటి నుంచి ఒక నమూనా తీయాలి. కొత్త నీటిది మాత్రమే కొలిచి సంతోషపడటం పెద్ద పొరపాటు. చేప 24 గంటలు గడిపింది తగ్గుతూ పోయిన గాఢతలో.

9. లెక్క కట్టడం

మొదట పరీక్ష చెల్లుతుందో లేదో చూడండి:

- కంట్రోల్‌లో చావులు 10% మించలేదు (10 కంటే తక్కువ చేపలుంటే ఒకటి మించలేదు)
- ఆక్సిజన్ ఎక్కడా 60% కంటే తగ్గలేదు
- గాఢతలను విశ్లేషణతో కొలిచారు

ఈ మూడింటిలో ఏది తప్పినా పరీక్ష మళ్లీ చేయాలి.

కొలిచిన గాఢత అనుకున్నదానికి 20% లోపు తేడాలో ఉంటే అనుకున్న గాఢతతోనే లెక్క కట్టవచ్చు. దాటితే కొలిచిన వాటి గుణోత్తర సగటు తీసుకోండి. ఉదాహరణకు 10 మి.గ్రా. తొట్టిలో కొత్త నీరు 9.6, 24 గంటల తర్వాత 6.0 అయితే, 9.6ను 6.0తో గుణించి వర్గమూలం తీస్తే 7.6. ఆ తొట్టి గాఢత 7.6 మి.గ్రా., 10 కాదు.

మధ్యలో కనీసం రెండు గాఢతల్లో కొన్ని మాత్రమే చనిపోతే ప్రోబిట్ లేదా లాజిట్ పద్ధతి (గాఢతకూ చావులకూ గీత అమర్చే గణాంక పద్ధతులు) వాడండి. అలా రాకపోతే ట్రిమ్డ్ స్పియర్‌మన్-కార్బర్ అనే మరో గణాంక పద్ధతి. 10 దగ్గర ఎవరూ చావక, 18 దగ్గర అందరూ చస్తే ప్రోబిట్ జోలికి వెళ్లకండి. రెండింటి గుణోత్తర సగటు 13.4 మి.గ్రా. ఎల్‌సీ50 అవుతుంది, 10, 18 దాని విశ్వాస హద్దులు (అసలు విలువ ఉండగల పరిధి). సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది కనుక, ముందు కాగితం మీద గీత గీసి చూసుకుని తర్వాత దాన్ని నమ్మండి.

24, 48, 72 గంటల ఎల్‌సీ50లు కూడా ఇవ్వండి. 96 గంటలకు కూడా విలువ తగ్గుతూనే ఉంటే ఆ విషయం రిపోర్టులో రాయాలి. విషం ఇంకా పనిచేస్తూనే ఉందని దాని అర్థం.

10. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటికి దారులు

కంట్రోల్ చేపలు చనిపోతున్నాయి. రసాయనాన్ని వదిలి నీటిని, గొట్టాలను, చేపల ఆరోగ్యాన్ని చూడండి. నాకొకసారి మూడో రోజు కంట్రోల్‌లో వరసగా చేపలు పోయాయి. వెతగ్గా వెతగ్గా కొత్తగా వేసిన ఏరేషన్ గొట్టాలని తేలింది. అప్పటి నుంచి కొత్త గొట్టం ఏదైనా వారం పాటు నీటిలో నానబెట్టి, నీరు మారుస్తూ ఉంచాకే వాడుతున్నాను.

పై గాఢతల్లో పీహెచ్ బాగా మారిపోయింది. ముందు సవరించకుండానే పరీక్ష పూర్తి చేయండి. చావులకు ఆమ్లమో క్షారమో కారణమనిపిస్తే, స్టాక్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గానీ సోడియం హైడ్రాక్సైడ్‌తో గానీ సరిచేసి మళ్లీ చేయండి. రెండు ఫలితాలూ ఇవ్వండి.

ఆక్సిజన్ పడిపోతోంది. సన్నగా గాలి ఇవ్వవచ్చు, కంట్రోల్‌తో సహా అన్ని తొట్లకూ. దాని వల్ల రసాయనం ఎగిరిపోవడం లేదని కొలిచి చూపాలి. ఎగిరిపోతుంటే నీటిని తరచుగా మార్చండి.

తక్కువ గాఢతలో ఎక్కువ, ఎక్కువ గాఢతలో తక్కువ చావులు వచ్చాయి. లేబుళ్లు తారుమారయ్యాయేమో విశ్లేషణ అంకెలతో సరిచూడండి. అవి సరిగ్గా ఉంటే రసాయనం కరగలేదన్న అనుమానం రావాలి.

ఏ గాఢతలోనూ చావులు లేవు. 100 మి.గ్రా. వరకు వెళ్లి, కొలత కూడా సరిగ్గా ఉంటే, "ఎల్‌సీ50 100 మి.గ్రా. కంటే ఎక్కువ" అన్నదే ఫలితం. అంకె రాలేదని ఇంకా పైకి పోవద్దు.

11. పరీక్ష ముగిశాక

బతికిన చేపలను తిరిగి మందలో కలపకూడదు, మరో పరీక్షకు వాడకూడదు. సోడియం బైకార్బొనేట్‌తో పీహెచ్ సరిచేసిన ట్రైకైన్ (చేపల మత్తుమందు) ద్రావణం లీటరుకు కనీసం 250 మి.గ్రా. చొప్పున కలిపి, అందులో వాటి ప్రాణం ముగించండి. మొప్పలు ఆగాక కూడా 10 నిమిషాలు పైనే ఉంచి, అప్పుడు బయటకు తీయండి. కంట్రోల్ చేపల పొడవు, బరువు అప్పుడే కొలిచి రాసుకోండి.

తొట్లలో నీటిని మురుగు కాలువలోకి వదలకండి. మనం నాలుగు రోజులు కొలిచింది ఆ నీరు చేపలను చంపుతుందనే. రసాయన వ్యర్థాల డబ్బాలో చేర్చి, భద్రతా పత్రంలో చెప్పినట్టు పారవేయాలి. తొట్లు కడిగిన మొదటి రెండు విడతల నీరు కూడా అందులోకే. కడిగిన తొట్టిలో మంచినీరు పోసి, ఒక రోజు ఉంచి, ఆ నీటిని విశ్లేషణకు పంపండి. రసాయనం జాడ కనిపించకపోతేనే ఆ తొట్టిని తర్వాతి పరీక్షకు అరలో పెట్టండి.